ఉంగరం వేలికి రెండు గిటార్లు

పంతొమ్మిదేళ్ళుగా హోటల్ లాబీలో సాయంత్రాలు గిటార్ వాయిస్తున్న అతన్ని అక్కడివాళ్ళు పాటలాయన అనేవారు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుకొచ్చేది కాదు. అతని ఎడమచేతి ఉంగరం వేలు చొక్కా గుండీలు పెట్టేది, తాళం తిప్పేది, సబ్బు జారకుండా పట్టుకునేది. గిటార్ తీగ మీదికి వచ్చేసరికి మాత్రం తేలు కొండిలా లోపలికి ముడుచుకుపోయేది.

మొదట్లో అలసట అనుకున్నాడు. ఆ తర్వాత సాధన చాలడం లేదనుకుని రోజూ రెండు గంటలు ఎక్కువ కూర్చున్నాడు. ఎంత కూర్చుంటే వేలు అంత మొండికేసింది. ఇక చేసేది లేక, ఆ వేలితో పనిపడే పాటలను ఒక్కొక్కటే మానేస్తూ వచ్చాడు. నలభై పాటలు పదిహేనుకు దిగాయి. సోఫాల్లో కూర్చుని టాక్సీల కోసం ఎదురుచూసేవాళ్ళకు ఆ తేడా తెలియలేదు. తెలియకపోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

నరాల డాక్టరు అతని చేత గదిలోనే గిటార్ వాయింపించి చూశాడు. చూసి పెన్నుకు మూత పెట్టేశాడు.

"వేలికి ఏ జబ్బూ లేదండీ. వేళ్ళని నడిపించే చోట, తలలో, లెక్క తప్పింది. ఈ ఒక్క పనికే తప్పింది. మరీ ఎక్కువ వాయించినవాళ్ళకి వస్తుందిది."

"తగ్గుతుందా?"

"ఇంత ముదిరాక తగ్గినవాళ్ళని నేను చూడలేదు. ఇంకోటి కూడా చెప్తాను. కొత్త వాయిద్యం పట్టుకుంటే కొన్నాళ్ళు బాగైపోయినట్టు ఉంటుంది. తల మోసపోతుందన్నమాట. అది చూసి ఆశ పెట్టుకోకండి."

ఇంటికి వచ్చి అక్కతో, నరం కాస్త బిగుసుకుందట అని ఊరుకున్నాడు. భర్త పోయిన దగ్గర్నుంచి అక్క అతనితోనే ఉంటోంది. పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. పొద్దస్తమానం జనం చేత నోళ్ళు తెరిపించే ఆ మనిషికి, ఇంట్లో తమ్ముడి నోరు తెరిపించడం మాత్రం చేతనయ్యేది కాదు.

"నీ గిటార్ ముసలిదైపోయిందిరా," అంది. "మా డాక్టరుగారికి మణికట్టు పీకేస్తుంటే చేతిలో పట్టుకునే మిషను మార్చారు. నెల తిరక్కుండా సర్దుకుంది. నువ్వూ మార్చు. రేపు నాకు సెలవే, పోదాం."

వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పే ధైర్యం లేక మర్నాడు ఆమె వెనకాలే నడిచాడు.

దుకాణం రైలుపెట్టెలాంటి పొడుగాటి గది. దుకాణదారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, అటు గోడ నుంచి ఒకటి, ఇటు గోడ నుంచి ఒకటి దించి బల్ల మీద పక్కపక్కన పడుకోబెట్టాడు. రెండూ పూర్తిగా మహాగని చెక్కవే. అదే ఎరుపు కలిసిన గోధుమరంగు, అదే నడుము వంపు. ఒకటి పాత కంపెనీది. రెండోది, ఆ కంపెనీలోనే ముప్పై ఏళ్ళు పనిచేసి, యజమానితో మాటా మాటా వచ్చి బయటికి పోయి సొంతంగా పెట్టుకున్న పెద్ద మేస్త్రీది.

"వాళ్ళిద్దరికీ మాటల్లేవు," అన్నాడు దుకాణదారు. "ఒకరిది ఇంకొకరి పక్కన వేలాడదీస్తే ఒప్పుకోరు. అందుకే ఎదురెదురు గోడలకి పెట్టాను."

"తేడా ఏముంది మరి?" అంది అక్క.

"పాతవాళ్ళది గొంతు నిండుగా ఉంటుందమ్మా. మేస్త్రీది కాస్త పొడిగా, విడివిడిగా పలుకుతుంది. వేళ్ళు నొక్కే ఆ మెడ కూడా గోరు మందం సన్నం."

అక్క ఆ గోరు మందాన్ని గట్టిగా పట్టుకుంది. "విన్నావా? మెడ సన్నమట."

అతను ముందు పాత కంపెనీది తీసుకున్నాడు. ఉంగరం వేలు తగలనివ్వకుండా, మిగతా మూడు వేళ్ళతో అయ్యే చిన్న పాట వాయించాడు. నిజంగానే నిండుగా ఉంది, కడుపుకు ఆనించుకుంటే చెక్క వెచ్చగా ఊగుతున్నట్టుంది. తర్వాత మేస్త్రీది ఎత్తాడు.

"అది కాదురా, పొద్దున్నే వాయించేవాడివే, అది వాయించు," అంది అక్క.

ఆ పాట మానేసి రెండేళ్ళయింది. అక్క అడిగాక తప్పించుకునే దారి లేదు. మొదలుపెట్టాడు. ఉంగరం వేలు దిగింది, తీగను నొక్కింది, లేచి పక్క తీగ మీదికి పోయింది. ఏమీ ఎరగనట్టు పాట చివరిదాకా నడిచింది. దుకాణదారు కళ్ళజోడు కిందికి దించుకుని చూశాడు. అక్క ముక్కు ఎగబీల్చి, అటు తిరిగి, ఎదుటి గోడ మీది గిటార్లు లెక్కపెడుతున్నట్టు నిలబడింది.

డాక్టరు చెప్పింది అతను మరిచిపోలేదు. గుర్తుండే, "ఇదే తీసుకుంటా," అన్నాడు.

మూడు సాయంత్రాలు లాబీలో మానేసిన పాటలన్నీ వాయించాడు. రిసెప్షన్‌లో అమ్మాయి రెండుసార్లు తలెత్తి చూసింది. నాలుగో రోజు రెండో పాట సగంలో వేలు ముడుచుకుంది. వారం తిరక్కముందే ఎప్పటిలాగే అరచేతిని అంటిపెట్టుకుపోయింది.

"వారంలోపైతే మార్చి ఇస్తానన్నాడుగా," అంది అక్క, పక్కగదిలోంచి అంతా విని. "ఇది నీ చేతికి పడలేదంతే. ఆ రెండోది తెచ్చుకో."

రెండింట్లో ఏది మంచిదన్న ఆలోచన అతనిలో ఎప్పుడో పోయింది. పాత కంపెనీ దాని మెడ మందం వేరు. తల దాని మీద ఇంకొకసారి మోసపోవచ్చు. మూడు రోజులు కాకపోతే రెండు రోజులు. ఆ రెండు రోజుల కోసమే వెళ్ళాడు.

"దీన్లో లోపమేముందండీ?" అన్నాడు దుకాణదారు.

"ఏమీ లేదు. చాలా మంచి గిటార్."

"మరి?"

"అది కూడా వాయించాలని ఉంది."

మార్చుకుని ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. హోటల్‌కి ఈ సాయంత్రం రానని చెప్పి, అక్కకు ఫోన్ చేశాడు. పెందలాడే రాగలవా అని అడిగాడు.

"ఇద్దరికి పళ్ళు పీకాలి. ఆరవుతుంది. ఏం?"

"ఏం లేదు. రా."

అక్క వచ్చేదాకా సంచి విప్పకూడదనుకున్నాడు. మూడింటికి, శ్రుతి సరిచూద్దామని మాత్రం విప్పాడు. వేలు మాట విన్నది. ఆపితే మళ్ళీ వింటుందో వినదోనని ఆపలేదు. మంచినీళ్ళకు కూడా లేవకుండా, ఒకదాని వెనక ఒకటి, నలభై పాటలూ వాయించాడు.

అక్క ఆరూ పదికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది. "ఊఁ, కానీ."

మొదలుపెట్టాడు. మూడో స్వరం దగ్గర వేలు ముడుచుకుంది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ముడుచుకుంది. గిటార్ ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు.

"ఇది తగ్గదక్కా. డాక్టరు చెప్పాడు."

"ఎప్పుడు?"

"మనం దుకాణానికి వెళ్ళకముందే."

"మరి పిలవగానే నా వెంట ఎందుకొచ్చావు?"

"నువ్వు అంత నమ్మకంగా ఉంటే, నాక్కూడా కాసేపు అలా ఉండాలనిపించింది."

"మధ్యాహ్నం బాగా వచ్చిందా?"

"అన్నీ వచ్చాయి."

"నేను రాకముందే."

"ఆగలేకపోయానక్కా."

ఆమె లేచి వంటగదిలోకి వెళ్ళింది. కుళాయి నీళ్ళు చాలాసేపు పోతూనే ఉన్నాయి. తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాడు.

మర్నాడు హోటల్ మేనేజరును కలిసి మానేస్తానని చెప్పాడు.

"ఎందుకండీ? ఎవరూ ఏమీ అనలేదే," అన్నాడు మేనేజరు.

"అవునండీ. ఎవరూ అనలేదు."

పళ్ళ డాక్టరు మాటసాయంతో కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పని దొరికింది. జనం దవడల అచ్చుల్లో సుద్ద పోసి, ఆరాక గీకి నునుపు చేయాలి. పక్కబల్ల మనిషి పొద్దుటి నుంచి రేడియో పెట్టుకునేవాడు. గిటార్ వినపడితే పాటలాయన లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చేవాడు. అలా రోజుకు నాలుగైదుసార్లు కడుక్కునేవాడు.

ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అక్క సలహాలు చెప్పడం మానేసింది. పని గురించి, కూర గురించి అడిగేది, అతను చెప్పేవాడు. నెల గడిచాక ఒక సాయంత్రం గిటార్ సంచి తెచ్చి అతని పక్కన పెట్టింది.

"దుకాణంలో అడిగొచ్చాను. వాయించకుండా ఉంచేస్తే తీగలు వదులు చెయ్యాలట. లేకపోతే మెడ వంగిపోతుందట."

అతను సంచి విప్పి, గిటార్ ఒళ్ళో పెట్టుకుని, ఆరు తీగలూ ఒక్కొక్కటే వదులు చేశాడు. అవి కిందికి కిందికి దిగి, మూలిగి, చివరికి ఏ స్వరమూ కాకుండా పోయేదాకా అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.