లోపలికి పీల్చే ఊపిరి

ఆదివారం సాయంత్రం కండ్లకోయలో రాహేలు ఇంట్లో చర్చి సంఘం కూడిక జరుగుతోంది. పాట మధ్యలో ఆమె మనవడు, రెండేళ్ల ఎడ్వర్డ్, దగ్గాడు.

"ఏంది రాహేలక్కా, కుక్కపిల్లను తెచ్చుకున్నరా?" అని వెనక వరసలో ఎవరో అన్నారు. కొందరు నవ్వారు.

పిల్లవాడు మళ్లీ దగ్గాడు. నిజంగా మొరిగినట్టే ఉంది.

వాడి తల్లి కెజియా నవ్వలేదు. వాడికి రెండు రోజులుగా జలుబు. పొద్దున గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు ఊపిరి లోపలికి పీల్చినప్పుడల్లా కీచుమని చప్పుడు వస్తోంది.

"అత్తమ్మా, దవాఖానకు పోదాం."

"పాస్టరయ్య ఈడ్నే ఉన్నడు. ముందు చేతులుంచి ప్రార్థన చేపిద్దాం. ఊకె పరేషాన్ గాకు," అంది రాహేలు.

కెజియా ఒప్పుకుంది. పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుని చాప మీద కూర్చుంది. ఆ సంఘంలో జబ్బుపడినవారి కోసం అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థిస్తారు. అందరూ చుట్టూ చేరారు. వాడి తల మీద, వీపు మీద, కాళ్ల మీద చేతులు పడ్డాయి. పాస్టరు సాలోమోను వాడి నుదుటికి నూనె రాశాడు. ఎడ్వర్డ్ భయపడి ఏడ్చాడు. ఏడ్చినకొద్దీ కీచు శబ్దం పెరిగింది. దాంతోపాటు ప్రార్థనా పెరిగింది.

కెజియా వాడి చొక్కా ఎత్తి చూసింది. ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది.

"ఆపుండ్రి," అంది. ఎవరికీ వినపడలేదు. లేచి నిలబడింది. "చేతులు తియ్యుండ్రి! వానికి ఊపిరాడుతలేదు."

ప్రార్థన ఆగిపోయింది. అందరూ రాహేలు వైపు చూశారు.

సాలోమోను చేయి వెనక్కి తీసుకున్నాడు. "పో బిడ్డా. జల్దీ పో. మేం ఈడ్నే ప్రార్థన చేస్తం."

రాహేలు చాప మీంచి లేవలేదు.

ఆటోలో కెజియా పిల్లవాణ్ని నిటారుగా కూర్చోబెట్టుకుంది. వాడు ఏడుపు ఆపాడు. చప్పుడు ఆగలేదు.

సుచిత్ర చౌరస్తా దగ్గరి ఆసుపత్రిలో డాక్టరు సృజన వాడి నోరు తెరిపించలేదు, పడుకోబెట్టనూ లేదు.

"మీ ఒళ్లోనే ఉండనీయండి. ఏడిస్తే ఊపిరి దారి ఇంకా ఇరుకవుతుంది. దీన్ని క్రూప్ అంటారు. వైరస్ వల్ల స్వరపేటిక దగ్గర వాపు వచ్చింది. ఏడవనప్పుడు కూడా ఈ చప్పుడు ఉందంటే ఆలస్యం చేయకూడదు."

వాపు తగ్గడానికి ఒక డోసు స్టెరాయిడ్ తాగించారు. అది పనిచేయడానికి సమయం పడుతుంది. ఈలోగా మాస్కుతో అడ్రినలిన్ మందు పీల్పించారు. కాసేపటికి పక్కటెముకల కింద గుంజడం తగ్గింది.

"ఇగ తీస్కపోవచ్చా మేడం?"

"అప్పుడే వద్దు. మాస్కు మందు ప్రభావం దిగాక మళ్లీ పెరగొచ్చు. కొన్ని గంటలు ఇక్కడే చూస్తాం."

రాహేలు ఫోన్ చేసింది. "సంఘం ముంగట నా ఇజ్జత్ తీసినవ్ గదనే."

కెజియా ఫోన్ పిల్లవాడి నోటి దగ్గర పెట్టింది. వాడు ఊపిరి పీల్చాడు. కీచు శబ్దం సన్నగా వినపడింది. మళ్లీ పీల్చాడు.

అప్పుడు రాహేలు అడిగింది.

"ఇంకా గట్లనే ఉన్నదా?"

"తగ్గింది. పూర్తిగ పోలే."

"నేనొస్తున్న."

"నువ్వొక్కదానివే రా అత్తమ్మా. వాడు ఏడ్వద్దన్నరు."

"ఒక్కదాన్నే వస్త. ఫోన్ గాడ్నే ఉంచు. నన్ను ఇననియ్యి."

కెజియా ఫోన్‌ను అక్కడే పట్టుకుంది.