పైకి రాని అడుగులు

మూసీ మీది ఇనుప వంతెనకు రోజూ పొద్దున బోల్టులు చూసుకునేది ఇద్దరు: ఇస్సాకు, కృష్ణయ్య. చాలా ఏళ్ల కిందటి పెద్ద వరద తర్వాత రాతి స్తంభాల మీద ఇనుప దూలాలు పరిచి కట్టిన వంతెన అది. దాటినవాళ్ల అడుగులన్నీ దానిలోనే ఉండిపోయేవి. కమ్మీకి చెవి ఆనిస్తే వినిపించేవి. చార్మినార్‌కు గాజులకని పోయే ఆడవాళ్లు కాసేపు ఆగి, చనిపోయిన తల్లి నడక విని, కళ్లు తుడుచుకుని వెళ్లేవారు. అన్నిటికన్నా అడుగున, మొదట రాళ్లు మోసిన కూలీల అడుగులు బరువుగా వినిపించేవి.

డెబ్బయ్యో సంవత్సరం ఆగస్టు. మూడు రోజులుగా ఒకటే వాన. మధ్యాహ్నానికి నీళ్లు స్తంభాల్లో సగం దాకా వచ్చాయి. పోలీసులు వంతెన మూసేశారు.

"అందరు దిగుండ్రి! మూడో స్తంభం కదులుతున్నది!" అని సూపర్‌వైజర్ విశ్వేశ్వర్ అరుస్తుండగానే, కృష్ణయ్య భార్య కళావతి బహదూర్‌పురా నుంచి తడుస్తూ పరుగెత్తుకొచ్చింది.

"ఇస్సాకన్నా, మీ దోస్తు ఏడి? ఇంక ఇంటికి రాలె."

పొద్దున ఇస్సాకుకు, కృష్ణయ్యకు లొల్లయింది. మూడో స్తంభం నిచ్చెన బోల్టులు వదులైనయని కృష్ణయ్య అన్నాడు. ఆ నిచ్చెన ఇస్సాకు వంతు. "ఈ వానల ఎవడు దిగుతడు, రేపు చూస్తలే" అన్నాడు తను. కృష్ణయ్య కోపంగా వెళ్లిపోయాడు. ఇంటికే పోయాడనుకున్నాడు.

ఇస్సాకు మోకాళ్ల మీద కూలబడి కమ్మీకి చెవి ఆనించాడు. వరద హోరు. హోరు కింద వేల అడుగులు. వాటిలో ఎడమకాలు ఈడ్చే కృష్ణయ్య నడక కోసం వెతికాడు. అన్నిటికన్నా పైన, కొత్తగా, దొరికింది. మూడో స్తంభం దాకా వచ్చింది. అక్కడి నుంచి నిచ్చెన మీద కిందికి తొమ్మిది అడుగులు. పైకి ఒక్కటి లేదు.

"కిందనే ఉన్నడు సార్!"

"పాగల్ అయినవా? నువ్వు గూడ పోతవ్!" విశ్వేశ్వర్ చెయ్యి పట్టుకున్నాడు.

ఇస్సాకు విదిలించుకుని మోకు ఒక కొస దూలానికి, ఇంకో కొస నడుముకు కట్టుకున్నాడు. "మీరు మోకు పట్టకుంటే చెల్లె పట్టుకుంటది."

కళావతి అప్పటికే మోకు పట్టుకుంది. విశ్వేశ్వర్ ఒక్క క్షణం చూసి తనూ పట్టాడు. పోలీసులూ వచ్చి పట్టారు. ఇస్సాకు దిగాడు.

కింద నిచ్చెన లేదు, కొట్టుకుపోయింది. ఛాతీ లోతు నీళ్లలో, రాతి అంచు మీద, కృష్ణయ్య ఒక ఇనుప కడియానికి చేతులు పెనవేసి నిలబడి ఉన్నాడు. అరిచి అరిచి గొంతు పోయింది.

ఇద్దరినీ పైకి లాగిన కాసేపటికే ఆ అంచు విరిగి నీళ్లలో పడింది.

కళావతి మొగుణ్ని వాటేసుకుని తిట్టింది, ఏడ్చింది. ఇస్సాకు ఎదురుగా కూర్చున్నాడు. "నా పనికి నువ్వెందుకు దిగినవ్ రా?"

కృష్ణయ్య రెండు వేళ్లు చూపించాడు.

"రెండు బోల్టులు బిగించిన అంటున్నడు" అంది కళావతి.

ఇస్సాకు ఆ వేళ్లను దోసిట్లోకి తీసుకుని, అందరి ముందూ, వానలో భోరుమన్నాడు.