మత్తయి ఆర్పేసిన ఆట

మత్తయి పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు బాయిలర్ కాసినవాడు. ఒకసారి ఆ బాయిలర్ వేసిన కూతకి, ఎవరో పిలుస్తున్నారనుకుని, సుమ్మాదేవి స్టేషను దాటిపోయిన గూడ్సుబండి వెనక్కి వచ్చేసిందని చెప్పేవాడు. నమ్మనివాళ్లకి బండి నెంబరు కూడా ఇచ్చేవాడు. అంతటి మాటకారి, రెండువేల ఆరు మే నెలలో, కూతురు మిరియం కంప్యూటర్ ముందు తెల్లమొహం వేశాడు.

మిరియం టెక్కలి కాలేజీలో చదువుతోంది. ఆ రోజు నాలుగింటిలోగా ప్రాజెక్టు సీడీ ఇవ్వకపోతే ఏడాది పోయినట్టే. ఆ ప్రాజెక్టు ఒక ఆట.

"ఇంటర్నెట్లో ఊరికే ఇచ్చినారు నాన్నా, ప్రోగ్రాం రాతంతా. ఓడ తీసీసి మన తెప్ప ఎట్టినాను."

"ఊరికే ఇచ్చినోడు ఒండి ఇవ్వొచ్చు గదేటి? బియ్యం ఇచ్చి పొయ్యి నీదే అంతాడేటి?"

"ఒండి ఇత్తే ఓడని తెప్ప సెయ్యగల్నా?"

మత్తయికి నిజమేననిపించింది. ఏది నిజమో మాత్రం తెలియలేదు.

మిరియం ఏదో కొట్టి ఎంటర్ నొక్కింది. "ఇది బిల్డ్ స్క్రిప్టు. మూడొందల ముక్కలు వరసగా తయారుసేసి, ఆఖర్న కలిపి ఆట సేత్తాది. గంట పడతాది. నేనెళ్లి ఖాళీ సీడీ తెత్తాను. ముట్టుకోకు, సూత్తండు."

మత్తయి చూశాడు. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పైకి పరిగెడుతున్నాయి. తెప్ప లేదు, సముద్రం లేదు. అరగంటయ్యేసరికి పెట్టెలో ఫ్యాను ఊళ పెట్టింది. అరచెయ్యి ఆనించాడు. చుర్రుమంది. ముప్పై ఏళ్లూ ఆ అరచెయ్యే ఆయన మీటరు. అది ఓర్వలేనంత వేడెక్కితే మంట ఆపేయాలి, లేదంటే సరుకంతా మాడిపోతుంది. పిల్ల కష్టం మాడిపోతోందనుకుని గుండ్రటి బటన్ నొక్కేశాడు. ప్లగ్గూ పీకేశాడు. పైగా తాటాకు విసనకర్రతో విసరడం మొదలెట్టాడు.

మూడు షాపులు తిరిగి ఒకటింపావుకి వచ్చిన మిరియం నల్లటి తెర చూసి అదిరిపడింది. "కరెంటు పోనాదా?"

"నేదు. నానే ఆర్పినాను. కాలిపోతంది."

"పన్జేత్తే అదలాగే వేడెక్కుతాది నాన్నా! ముట్టుకోవద్దన్నాను గదా!"

"ముట్టుకుంతేనే గదేటి కాలినట్టు తెలిసినాది!"

రెండింటికి బస్సు. మొదటినుంచీ చేస్తే గంట. మిరియం కళ్లు తుడుచుకుని, మళ్లీ ఆన్ చేసి, స్క్రిప్టు తెరిచింది. పాతవన్నీ చెరిపేసి మొదలుపెట్టమని అందులో మొదటి లైను. దాన్ని కొట్టేసింది. కరెంటు తీసినప్పుడు సగంలో ఉండిపోయిన ముక్కనొక్కదాన్నే చెరిపి, స్క్రిప్టు నడిపింది. అయినవాటి జోలికి పోకుండా ఆగిన చోటునుంచే పని సాగింది.

"ఆర్పీసినా అవి ఉన్నాయేటి?"

"డిస్కులో ఉన్నాయి."

"మరి నన్నెందుకు తిట్టినావే గుంటా?"

"తరవాత సెప్తాను, ఉండు."

ఫ్యాను మళ్లీ ఊళ పెట్టింది. మత్తయి రెండు చేతులూ తొడల కింద పెట్టుకు కూర్చున్నాడు. ఒకటీ నలభై అయిదుకి తెర మీద నీలంగా సముద్రం పరుచుకుంది, దాని మీద తెప్ప. మిరియం ఆటని సీడీలోకి ఎక్కించుకుని, "బాణం గుర్తులు నొక్కు, నడుత్తాది" అంటూ పరిగెత్తింది.

సాయంత్రం ఏడింటికి నవ్వుతూ వచ్చింది. "తీసుకున్నారు నాన్నా! తెప్ప బాగుందన్నారు."

మత్తయి తెర మీంచి తల తిప్పలేదు. పక్కన మధ్యాహ్నం అన్నం అలాగే ఉంది.

"అది సరేగాని ఒలే, దీన్ని ఒడ్డుకెలా తేవాల? అప్పట్నించీ సముద్రంలోనే ఉండిపోనాను."