పడమటి గేటు రంగు

రాజేందర్ ఫోన్ చేసేసరికి అరుంధతి స్టూలెక్కి కొత్త కర్టెన్‌కి రింగులు తొడుగుతోంది.

"చెల్లే, నీ మ్యాప్ పాసైంది. ఫారం మేనేజర్ ఒవైస్ సాబ్ ఒక్క మాట గూడ అడగలే. ఇంత సాఫ్‌గ ఉన్న రిపోర్ట్ ఎన్నడు చూడలేదన్నడు."

ఒక్క గంతులో కిందికి దిగింది. పెళ్లయి దోహా వచ్చాక, భద్రతా సర్వేలు చేసే కంపెనీలో దొరికిన మొదటి ఉద్యోగం, అందులో మొదటి పని. దోహా బయట అల్ షహానియాలోని ఒంటెల ఫారంలో సహోద్యోగి రాజేందర్ ట్యాబ్ పట్టుకుని గేటు గేటుకీ తిరిగి, తాళాలూ, కంచెలూ, లైట్లూ చూసి మార్కులు వేశాడు. వాటిని సాఫ్ట్‌వేర్‌లో పటంగా మార్చింది అరుంధతి. గట్టిగా ఉన్నచోటు ఒక రంగు, బలహీనంగా ఉన్నచోటు ఇంకో రంగు.

"స్వీట్లు నావి, అన్నా."

"గట్లనే. ఇంకోటి, పడమటి గేటు గ్రీన్ ఉన్నదట. రేపు మాపటి నుంచి ఆడ వాచ్‌మన్‌ను తీసేస్తడట."

అరుంధతి చేతిలోని రింగు జారి సోఫా కిందికి దొర్లిపోయింది. "ఆ గేటుకి గొళ్లెం ఊడిపోతే తీగ కట్టారని కదా మీరన్నారు?"

"అవ్, తీగనే. నేనైతే సున్నా ఏసిన. రంగులు నీ దిక్కు, నాకు అంకెలే కనవడ్తయ్."

ఫోన్ పెట్టేసి లాప్‌టాప్ తెరిచింది. ఫారం అంతా ఆకుపచ్చ. కొత్త ఇనుప తలుపూ, రెండు కెమెరాలూ ఉన్న పెద్ద గేటు ఒక్కటే ఎర్రగా వెలుగుతోంది.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి."

చిక్కగా కాచిన కరక్ చాయ్ కప్పులతో వచ్చిన అమర్ కూడా తెర చూసి ఆగిపోయాడు. పోయిన శుక్రవారం సాఫ్ట్‌వేర్ అలవాటు కావడానికి ఇద్దరూ తమ ఫ్లాటునే సర్వే చేశారు. వంటింటి కిటికీకి పావురాల ముప్పు ఉందని అమర్ గంభీరంగా రాయించాడు. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గుమ్మం భద్రమని తేలి ఆకుపచ్చగా వస్తే, "మన గుమ్మం ఆకుపచ్చేంటి, ఎర్రగా ఉండాలి" అన్నాడు. ఆమె నవ్వుతూ రెండు రంగులూ తారుమారు చేసింది. ఆ మార్పు తమ ఫ్లాటుకే అనుకుంది. కంపెనీ పటాలన్నిటికీ పాకిపోయిందని ఇప్పుడు తెలిసింది.

"ఏ రంగుకి ఏ అర్థమో మూలన రాసుందిగా," అన్నాడు అమర్.

"ఎవరు చదువుతారు? నిన్న మీకు చూపిస్తే మీరు చదివారా?"

"నేను నీ ముఖం చూస్తున్నాను."

"ఇప్పుడు కాదండీ."

బాల్కనీ నుంచి వంటింటికి, వంటింటి నుంచి బాల్కనీకి తిరిగింది. చాయ్ మీద మీగడ కట్టింది.

"రంగులు సరిచేసి కొత్త ఫైలు పంపెయ్. పొరపాటున పాతది వెళ్లిందను."

సరిచేసింది. పంపబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "పాసైన పటాన్ని మళ్లీ తెరిచి చూస్తాడా? ఈలోపు వాచ్‌మన్ వెళ్లిపోతాడు. నోటితోనే చెప్పాలి."

"ఉద్యోగానికి ముప్పు రాదూ?"

"వస్తుందేమో." గోరు కొరికింది. "ఆఫీసులో కిటికీ పక్క సీటిచ్చారండీ నాకు. సముద్రం ఇంత ముక్క కనిపిస్తుంది."

ఫారం మేనేజర్ ఒవైస్ రెండుసార్లు ఫోనెత్తలేదు. మూడోసారి ఎత్తాడు. వచ్చీరాని హిందీలో, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. ఆకుపచ్చగా ఉన్నవన్నీ బలహీనమైనవని, రంగులు మార్చింది తనేనని, వాచ్‌మన్‌ను దయచేసి అక్కడే ఉంచమని.

"వాచ్‌మన్ ఉంటాడు," అన్నాడు ఒవైస్. "మీ పటం మాత్రం ఇక నేను నమ్మను. రేపు శుక్రవారం, జుమ్మా నమాజుకి ముందే వచ్చి, ప్రతి గేటూ నా ఎదుట నిలబడి చూపించండి. మీ కంపెనీ సంగతి ఆ తర్వాత చెప్తాను."

వెంటనే రాజేందర్‌కి ఫోన్ కలిపింది. అంతా విని అతను నిట్టూర్చాడు.

"సెలవు దినం గూడ నిద్ర పోనియ్యవా చెల్లే?"

"పోనివ్వనన్నా. ట్యాబ్ ఛార్జింగ్ పెట్టండి. రేపు పొద్దున ఆరింటికల్లా మిమ్మల్ని ముఐథర్‌లో మీ గది దగ్గర ఎక్కించుకుంటాం, కారు మా ఆయన నడుపుతారు. పడమటి గేటు నుంచే మొదలుపెడదాం."