అరచేతిలో ఆ మధ్యాహ్నం

కూతురు యూనివర్సిటీకి బయల్దేరే వేళకి తల్లి ఆమె చొక్కాని బల్ల మీద పరిచి, నీళ్లు చిలకరించి, కుడి అరచేత్తో నిదానంగా రుద్దేది. ముడతలన్నీ పోయేవి. రోడ్డు పనిలో ఎండదెబ్బకి పడిపోయిన భర్త నుదుటి మీద వేసిన చెయ్యి అది, అప్పట్నుంచీ చల్లారలేదు. కాలర్లు మాత్రం ఆవిడే చెయ్యాలని పక్కింటివాళ్లు కూడా బట్టలు పట్టుకొచ్చేవాళ్లు. భర్త పోయేనాటికి చంటిదైన కూతుర్ని ఎడమచేత్తోనే పెంచుకొచ్చింది.

ఆ పిల్లే పెద్దదై యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రవేత్త అయింది. ఊళ్లో నమోదైన పాత ఉష్ణోగ్రతలన్నీ పరిశీలించి, మధ్యాహ్నం బయటి పనులు ఆపించాలో వద్దో మున్సిపాలిటీకి చెప్పాలి. సగటుకి మరీ దూరంగా ఉన్న అంకెని కంప్యూటరే పక్కన పడేస్తుంది. వాళ్ల విద్యలో అది మామూలే, ఆ అంకె ఏ రోజుదని ఎవరూ చూడరు. ఈవిడా చూడలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"ప్రాణం తీసేంత ఎండ ఈ ఊళ్లో ఎప్పుడూ కాయలేదట. పని ఆపక్కర్లేదని రాసేస్తున్నా" అంది భోజనాల దగ్గర.

తల్లి ఎత్తిన ముద్ద దింపేసింది. "మీ నాన్న పోయిన రోజో?"

కూతురు లేచి వెళ్లి కంప్యూటర్లో చూసి వచ్చింది. "అది తీసేశామమ్మా. మీటరు చెడిపోయి ఉంటుందని."

"మీటరు చెడిపోతే మీ నాన్నెందుకు పోయాడే?"

కూతురికి సిగ్గుతో ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు తల్లిని డిపార్ట్‌మెంటుకి తీసుకెళ్లింది. అక్కడి హెడ్డు రుజువు లేనిదే తన పుట్టినరోజు కూడా నమ్మడని పేరు. ఆయన థర్మామీటరు తెచ్చి ఆవిడ కుడి అరచేతిలో పెట్టాడు. పాదరసం పైకి పాకి, సరిగ్గా వాళ్లు తీసేసిన అంకె దగ్గరే ఆగింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆ అంకెని లెక్కలో కలపమని సంతకం పెట్టాడు.

ఆ వేసవికే రూలు వచ్చింది. వీధిలో రోడ్డు వేస్తున్నవాళ్లు మిట్టమధ్యాహ్నం పారలు పక్కన పడేసి నీడకి చేరారు. ఒకతను వీళ్ల గోడ వారగా ఒరిగి నిద్రపోయాడు. కిటికీలోంచి చూస్తున్న తల్లికి చెయ్యి చల్లబడుతున్నట్టు తెలిసింది.

"ఇన్నాళ్లూ మీ నాన్న వేడి నా దగ్గరుండేదే" అంది కూతురితో. "ఇప్పుడు పోయాడు."

కిటికీ అవతల మనిషికి మెలకువ వస్తుందేమోనని, ఆ చెయ్యే నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.