అండాలు కొంగులో నా చక్రం

నేను ఒక గేటు వాల్వును. నీళ్ల పైపు మధ్యలో కూర్చుని ఉంటాను. నెత్తిన ఉన్న చక్రాన్ని ఒకవైపు తిప్పితే నీళ్లు వదులుతాను, ఇంకోవైపు తిప్పితే ఆపుతాను. ఇంతకు మించి నాకేమీ రాదు. అయినా నల్గొండ వైపు బత్తాయి తోటల్లో నన్ను నమ్ముకుని సంసారాలు నడుస్తున్నాయి. కాస్త గర్వపడితే తప్పు పట్టకండి.

ఇనుము కరిగించి అచ్చులో పోస్తే పుట్టాను. నా మొదటి యజమాని పూత రావడం లేదని విసిగి, తోటంతా నరికించి పత్తి పెట్టాడు. నన్ను పాత ఇనుప సామాను కొట్టుకు తోలాడు. అక్కడ తుప్పు పట్టి పడి ఉంటే మట్టారెడ్డి ఏరుకుని, కిరసనాయిలుతో కడిగి, తన తోటలో తూర్పు చెట్ల పైపుకు బిగించాడు. పడమటి చెట్లకు వేరే వాల్వు ఉంది. కొత్తది కదా, కాస్త మిడిసిపాటు.

మీకు తెలుసో లేదో, బత్తాయి సుఖంగా ఉంటే పూయదు. పూతకు ముందు కొన్ని వారాలు నీళ్లు ఆపాలి. దీన్నే బెట్ట అంటారు. ఆకులు ముడుచుకుని, పండి రాలాక నీళ్లు వదిలితే, బెదిరిన చెట్టు ఒళ్లంతా పూస్తుంది. మధ్యలో ఒక్క తడి తగిలినా చిగురు వస్తుంది గాని పూత రాదు.

ఈ సంగతి మట్టారెడ్డి భార్య అండాలుకూ తెలుసు. తెలిసి ఏం లాభం? బోరు ఎండిన ఏడాది ట్యాంకరు తెప్పించి, బిందె చంకన పెట్టుకుని ఈ తూర్పు వైపు చెట్టు చెట్టుకూ నీళ్లు పోసి బతికించింది ఆమే. ఆ చెట్లు దాహంతో నిలబడితే చూడలేకపోయింది. నిరుడు బెట్టలో, మట్టారెడ్డి ఎరువు కోసం టౌనుకు పోయిన పగలు వచ్చి నా చక్రం తిప్పింది.

"తాగుండ్రి. మీ అయ్యకు జెప్పను," అన్నది చెట్లతో.

పడమర తెల్లగా పూసింది. తూర్పు పచ్చగా చిగిర్చింది. మట్టారెడ్డి చూడగానే కనిపెట్టాడు. ఆమె దాచలేదు.

"నేనే ఇడిసిన. సూడబుద్ధి గాలే."

అతను కోప్పడకపోవడం చూసి నాకు భయమేసింది. "వచ్చే ఏడు గూడ గిట్లనే అయితే ఈ దిక్కు చెట్లు కొట్టేసి పత్తి పెడ్త," అన్నాడు. ఆ మాట నేను ఇంతకు ముందు విన్నదే.

ఈ ఏడు బెట్ట మొదలుకాగానే అతను నా చక్రం ఊడదీసి ఇంట్లో పెట్టాడు. బోడితలతో మిగిలాను. అండాలు వచ్చి చూసి, "నన్ను నమ్ముతలేడు," అని నవ్వుకుంది. ఆ తర్వాత రోజూ వచ్చి ఒక పుల్ల విరిచి చూసి పోయేది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఆకులు రాలడం మొదలైంది. ఒక మధ్యాహ్నం మట్టారెడ్డి తువ్వాలలో చక్రం చుట్టుకుని వచ్చాడు. సొంత తోటలో దొంగలాగా అటూ ఇటూ చూశాడు. దగ్గరి కొమ్మ వంచితే ఆకులు చేతిలోకి రాలాయి. చక్రాన్ని నా నెత్తిన పెట్టాడు. తిప్పబోయాడు. నాకు నోరుంటే వద్దని అరిచేదాన్ని.

"ఏం జేస్తున్నవయ్యా?"

వెనక అండాలు, అన్నం గిన్నెతో.

"సచ్చిపోతయేమోనే," అన్నాడతను.

"సావయి. పుల్ల ఇరిసి సూడు. నేను రోజు సూస్తనే ఉన్న."

విరిచాడు. లోపల పచ్చగా ఉంది.

ఆమె చక్రం తీసుకుని కొంగున ముడేసుకుంది. "ఇది నా దగ్గర్నే ఉంటది. నిన్ను నమ్మితే తోట పోతది," అన్నది. మట్టారెడ్డి గట్టు మీద కూర్చుని అన్నం తిన్నాడు.

బెట్ట తీరిన రోజు ఆమే వచ్చి నన్ను తెరిచింది. ఇప్పుడు తూర్పు చెట్ల నిండా పూత, తేనెటీగల గోల. పత్తి మాట ఎవరూ ఎత్తడం లేదు. చక్రం మాత్రం ఇంకా అండాలు దగ్గరే ఉంది. తూర్పు చెట్లకు నీళ్లు పెట్టాలంటే మట్టారెడ్డి ఆమెను అడిగి తెచ్చుకుంటాడు, పని కాగానే తీసుకెళ్లి ఇచ్చేస్తాడు.