మాయపెట్టె కింద ఊట

సుబ్బరాజు గారు గొయ్యి అంచున నిలబడి, లోపల మోకాలి లోతున నిలిచిన నీళ్ళు చూసి, తీరుబడిగా చుట్ట వెలిగించుకున్నారు.

"నువ్వు అల్లవరం పిల్లవేగదమ్మా," అన్నారు తులసితో. "కాలవ వదిలేక రెండడుగులు తవ్వితే ఊట రాదేంటి? ఆ మాత్రం తెలీకుండానే మీ వాళ్ళని ఇక్కడికి పట్టుకొచ్చేవా?"

ఈ చోటు చూపించింది తులసే. మే మొదట్లో, కాలవలకి నీళ్ళు కట్టేసిన రోజుల్లో, అమలాపురం శివార్లలో సుబ్బరాజు గారి కొబ్బరితోట పక్కనున్న ఖాళీ జాగా చూసింది. మనిషి లోతు గొయ్యి తవ్వించి, అడుగున మట్టి చేత్తో నలిపి, పొడిగానే ఉందండీ అని ప్రొఫెసర్ రాజేంద్రప్రసాద్‌కి చెప్పింది. ఆయన మేజిక్ ట్రూపుతో మూడేళ్ళుగా అనంతపురం, కర్నూలు, బళ్ళారి తిరిగి తిరిగి, పుట్టిన నేల సంగతే మరిచిపోయింది.

ఆట మేలోనే మొదలవ్వాలి. అరవై రోజులు, రోజుకి రెండాటలు. రేకుల షెడ్డు లేచింది, గోడల నిండా పోస్టర్లు పడ్డాయి. పర్మిషన్లు మాత్రం రాలేదు. ఒక ఆఫీసువాళ్ళు ఇంకో ఆఫీసు కాగితం తెమ్మన్నారు. ఆ రెండో ఆఫీసువాళ్ళు మొదటి ఆఫీసు కాగితం చూపిస్తే గాని సంతకం పెట్టం అన్నారు. ట్రూపులో బి.ఏ. ప్యాసైంది తులసి ఒక్కతే కాబట్టి అర్జీలన్నీ తనే రాసింది, తనే తిరిగింది. అన్నీ చేతికొచ్చేసరికి జూన్ మూడో వారం. అప్పటికి నాలుగు రోజుల ముందే కాలవలకి నీళ్ళు వదిలేశారు.

"స్టేజీ మూడడుగులు లేపుదామండీ మాస్టారూ," అంది తులసి. "గొయ్యితో పనుండదు."

"మూడడుగుల స్టేజీ కింద మనిషి దాక్కుందని చంటిపిల్ల కూడా చెబుతుంది," అన్నాడు రాజేంద్రప్రసాద్. "స్టేజీ నేలకి ఆనుకుని ఉంటేనే గదా, పెట్టెలో పిల్ల ఎటు పోయిందని జనం నోరు తెరిచేది. ఆటంతా ఈ ఒక్క ఐటం మీదే నిలబడింది. డిగ్రీ చదివావు, ఇది కూడా నేనే చెప్పాలా?"

గోతిలోంచి ఆఖరి వరస వెనక దాకా ఒక కందకం ఉంది. పైన బల్లలు పరిచి మట్టి కప్పారు. పెట్టె తలుపు మూయగానే తులసి అడుగు బల్ల తప్పించి గోతిలోకి జారాలి. కందకంలో పాక్కుంటూ వెళ్ళి జనం వెనక నిలబడాలి.

రోడ్డు పక్కన మెరక ఉంది, అక్కడికి మార్చుకోనివ్వమని సుబ్బరాజు గారిని బతిమాలింది.

"ఇక్కడే రెండు చెట్ల వేళ్ళు తెగ్గొట్టేరు. ఇంకా ఎక్కడ తవ్వుతారండీ?" అన్నారాయన. "మునిగేది మీరు గదా, నాకేం పోయింది."

ఆయన వెళ్ళిపోయాక రాజేంద్రప్రసాద్ తులసి వైపు తిరిగాడు.

"ఇంజను పెట్టి నీళ్ళు తోడిస్తాను. నువ్వు చూపించిన చోటే ఇది. దిగితే దిగు, లేదా అల్లవరం బస్సెక్కు. మీ ఇంట్లో రానిస్తారో లేదో నాకనవసరం."

రానివ్వరని ఆయనకి తెలుసు. మేజిక్కు పిల్లయి ఊళ్ళు తిరుగుతోందని పెంచిన మేనమామ ఆమెకి గుమ్మం మూసేసి మూడేళ్ళయింది. తులసి దిగుతానంది.

మొదటి ఆటకి షెడ్డు నిండింది. సుబ్బరాజు గారు ముందు వరసలో కూర్చున్నారు. ఇంజను చప్పుడుకి మైకు వినపడదని తెర లేచేముందు దాన్ని ఆపేశారు. మూడు ఐటాలయ్యాక తులసి పెట్టెలోకి వెళ్ళింది. తలుపు పడింది.

జారేసరికి నడుం లోతు నీళ్ళు. చీకట్లో కందకం నోరు తడిమింది. చేతినిండా బురద. నేల నాని, బల్లలు కుంగి, కందకం పూడుకుపోతోంది. తల దూర్చి మూరెడు పాకిందో లేదో, పైమట్టి భుజాల మీద కూలింది. ఊపిరి బిగబట్టి వెనక్కి లాక్కుంది.

పైన రాజేంద్రప్రసాద్ తలుపు తీసి పెట్టెలోకి అడుగుపెట్టి, గోడలు కర్రతో తట్టి చూపిస్తున్నాడు.

"తులసి ఎక్కడుంది? వెనక్కి తిరిగి చూడండి."

కుర్చీలు కిర్రుమన్నాయి. వెనక ఎవరూ లేరు. ఎవరో ఈల వేశారు.

తులసి అడుగు బల్లని కింద నుంచి పిడికిలితో కొట్టింది. బల్ల మీద ఆయన నిలబడి ఉన్నాడు. ఆయనకి వినపడింది.

"పోవే," అన్నాడు మైకు పక్కకి తిప్పుకుని.

మళ్ళీ కొట్టింది. ఆయన మడమ ఇంకా గట్టిగా నొక్కుకుంది. నీళ్ళు రొమ్ము దాకా వచ్చాయి. మూడోసారి భుజం ఆనించి, ఉన్న బలమంతా పెట్టి తోసింది. ఆయన తూలి స్టేజీ మీదకి పడ్డాడు. నెత్తి నుంచి బురద కారుతూ తులసి పెట్టెలో నిలబడింది.

"గొయ్యి తవ్వేర్రా, అదీ సంగతి," అన్నారెవరో. షెడ్డంతా నవ్వింది.

రాజేంద్రప్రసాద్ లేచి మైకు అందుకున్నాడు. "గోదావరి నీళ్ళలో మునిగి వచ్చింది మన తులసి! ఇప్పుడు మళ్ళీ మాయమవుతుంది." పళ్ళ బిగువున, "దిగు," అన్నాడు.

"దిగనండీ," అంది తులసి. మైకు ఆ మాటని ఆఖరి వరస దాకా మోసుకెళ్ళింది. "ఈ చోటు చూపించిన తప్పు నాదే. కందకం పూడిపోయిందండీ. దిగితే చచ్చిపోతాను."

ఆయన మైకు వైరు పీకేశాడు.

సుబ్బరాజు గారు లేచి పంచె దులుపుకున్నారు. "ఎళ్ళేముందు గొయ్యి పూడ్చి ఎళ్ళండి మాస్టారూ," అన్నారు, ఎంతో మర్యాదగా.

తులసి స్టేజీ ముందు నుంచి జనంలోకి నడిచింది. బురద అంటుతుందని దారికి రెండు పక్కలా కూర్చున్నవాళ్ళు కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. ఆమె ఆఖరి వరస దాటి బయటికి వెళ్ళిపోయింది.